శుక్రవారం బొట్టు

ఎలక్ట్రిక్ కారు కొన్న మొదటి నెలలో నేను రోడ్డును చూసి నడపలేదు, ముందున్న తెర మీది అంకెను చూసి నడిపాను. బ్యాటరీ నూటికి ఎంత మిగిలిందో చెప్పే అంకె అది. ప్రొద్దుటూరులో మా ఇంటి నుంచి జమ్మలమడుగులో నేను పాఠాలు చెప్పే బడికి పోయిరావడానికి ఏ చింతా ఉండేది కాదు. పులివెందులలో మా అక్క ఇంటికి పోయిన రోజు మాత్రం, తిరుగు దారిలో ముద్దనూరు రాకముందే ఆ అంకె బాగా దిగిపోయింది. వెంటనే ఏసీ ఆపేశాను. అద్దాలు దించితే వడగాలి మొహాన కొట్టింది. రోడ్డు పక్కన గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన కనబడితే, కారు ఆగిపోతే ఈయన తోయగలడా అని ఆయన భుజాల వంక చూశాను. సిగ్గులేని ఆలోచనే, కానీ భయంలో సిగ్గెక్కడుంటుంది?

ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకొని ఇల్లు చేరాను. తీరా ఛార్జింగ్ పెడితే ఛార్జర్ డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. ముందు రోజు దాకా బాగానే ఎక్కిన కరెంటు ఇప్పుడు ఎక్కలేదు. మా వీధి చివరుండే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. ఆయన సాకెట్ విప్పి, టెస్టర్ పెట్టి చూసి పెదవి విరిచాడు.

"మీ ఇంటికి ఎర్త్ లేదక్కా. ఎప్పుడో తవ్విన గుంత, ఈ ఎండలకు లోపల మట్టంతా ఎండిపోయింటాది. ఎర్త్ లేకుంటే ఈ బండి కరెంటు తీసుకోదు. కొత్తగా గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, రాగి పలక పూడ్చల్ల."

"యాడ తవ్వుతావు?"

"ఈడనే, వాకిట్లో. రెండు బండలు పగలగొడితే సాలు."

బండలు అనేసరికి నాకు ఒళ్లు మండింది. వాకిట్లో నల్ల బండలు పరిపించి నెల కూడా కాలేదు. ఒక్కొక్క బండా నేనే నిలబడి ఎంచుకున్నాను, పాలిష్ పట్టేవాడితో మూడుసార్లు పోట్లాడాను. "నా బండల మీద సుత్తి పడేదానికి లేదు. ఇంకేదన్నా దావ చూడన్నా, పొద్దున్నే బడికి పోవల్ల" అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. చివరికి సాకెట్ లోపల ఒక చిన్న తీగ ముక్కను అటు నుంచి ఇటు కలిపాడు. "కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగనే ఎర్త్ అని చూపించినా. బండి నమ్ముతాది గానీ ఇది సరైన పని గాదక్కా. తొందరగా గుంత తవ్విచ్చుకో" అన్నాడు. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. తవ్విస్తాలే అన్నాను. తవ్వించలేదు.

మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా. ఆమె గొర్రెలు కాసిన ఇంటి ఆడపడుచు, గంగమ్మ పేరు తలవకుండా గుక్కెడు నీళ్లు తాగదు. శుక్రవారం వస్తే తెల్లవారుతూనే తలకు పోసుకొని, వాకిలి కడిగి, ఆ తడి కాళ్లతోనే గడపకు బొట్టు పెడుతుంది. కారు వచ్చాక దానికీ పెట్టడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం నేను కాఫీ గ్లాసుతో గడప మీద కూర్చున్నాను. కారు ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది. మా అత్త బానెట్ మీద కుంకుమ పెట్టి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకొని కళ్లకద్దుకుంది. మళ్లీ తాకింది. మళ్లీ అద్దుకుంది.

"ఏంది అత్తా?"

"నీ బండిలో అమ్మ ఉండాది పాపా. ముట్టుకుంటే చేతికి జుమ్మంటాది. మూడు వారాల నుంచి చూస్తాండా. బయటికి చెప్తే మహిమ పోతాదని చెప్పలా."

నా పైప్రాణం పైనే పోయింది. "ముట్టుకోవద్దు!" అని అరిచాను. గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. ఉరికి మెయిన్ స్విచ్ కిందికి లాగాను. ఆ తర్వాత కూడా ప్లగ్గు పీకడానికి నాకు ధైర్యం రాలేదు. మూడు శుక్రవారాలు, తడి కాళ్లు, తడి చేతులు. నేనేమో అన్నాళ్లూ ముద్దనూరు రోడ్డును తలుచుకొని భయపడుతున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

ఎలక్ట్రీషియన్ వచ్చి, మెయిన్ మళ్లీ వేసి, కారు ఒంటికి టెస్టర్ ఆనించాడు. దాంట్లో దీపం మినుకుమినుకుమంది. మా అత్త లోపలికి పోయిందాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "న్యూట్రల్ తీగ యాడనో లూజయింది. అది పూర్తిగా ఊడింటే కరెంటంతా బండి ఒంటికే వచ్చేది. పెద్దమ్మ మనకు దక్కేది గాదు. నేను ఆ పొద్దే చెప్తి గదక్కా."

చెప్పాడు. నేనే బండలు చూసుకున్నాను.

"పగలగొట్టన్నా" అన్నాను. సుత్తి దెబ్బ పడిన ప్రతిసారీ నాకు తగులుతున్నట్టే ఉంది, తగలాల్సిందే అనిపించింది. ఆయన తీగ ముక్క పీకేసి, లూజు సరిచేసి, గుంతలో పలక పూడ్చి, తడి ఆరకుండా నీళ్లు పోస్తూ ఉండమని చెప్పి పోయాడు.

మరుసటి శుక్రవారం మా అత్త కుంకుమ పెట్టి, అరచెయ్యి బానెట్ మీద ఆనించి చాలాసేపు నిలబడింది. "అమ్మ పోయింది పాపా" అంది. "వాకిలి తవ్వితిమి గదా, అలిగింటాది. గంగమ్మ గదా, నీళ్లు పోస్తే వస్తాదిలే." అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ గుంతలో చెంబెడు నీళ్లు ఆమే పోస్తుంది. అది అమ్మవారు కాదని నేను ఇంకా చెప్పలేదు. అది చెబితే బండల సంగతీ చెప్పాలి.

ఇప్పుడు ప్రతి శుక్రవారం నేను ఆమెకంటే ముందే లేస్తాను. ప్లగ్గు పీకేసి ఉన్నా సరే, పోయి మెయిన్ స్విచ్ దగ్గర నిలబడతాను. ఆమె బొట్టు పెట్టి, కళ్లు మూసుకొని, చెయ్యి ఆనించి ఎదురు చూస్తుంది.

"ఈ వారం గూడా రాలేదు పాపా" అంటుంది దిగులుగా.

అప్పుడు స్విచ్ మీద నుంచి చెయ్యి తీస్తాను.