యాదమ్మ అడిగిన పెద్ద గంజు

అన్నదానం చేయబోయి అభాసుపాలైన నా ఘనకార్యం చెబుతాను. భోంచేస్తూ మాత్రం చదవకండి. పొలమారితే నా పూచీ లేదు.

మాది తెనాలి. నాచారంలో పిల్లలకు తెలుగు చెప్పడానికి వచ్చిన కొత్త. తెలుగు మాస్టారికి తెలుగులో తెలియని మాటేముంటుందని ధీమా. (ఉంటుంది. బోలెడుంటాయి.)

ఆ వానాకాలం ముసురు పట్టి, పీర్జాదిగూడలో మేడలు కట్టే పనులు ఆగిపోయాయి. కూలీల పొయ్యిలూ ఆరిపోయాయి. మా అపార్ట్‌మెంట్ పిల్లలు గడపగడపకూ తిరిగి బియ్యం, పప్పు పోగుచేశారు. ఆదివారం మధ్యాహ్నం ఆ కుటుంబాలకు అక్కడే వండి పెట్టాలని ఏర్పాటు. వంట ఆ కూలీల్లోనే ఒకామె యాదమ్మది, పెత్తనం నాది.

పొద్దున్నే యాదమ్మ ఫోన్ చేసింది.

"సార్, బియ్యం నానవెట్టిన. గంజు లేదు. జల్ది పెద్ద గంజు పంపియ్యుండ్రి."

"ఎంత కావాలి?"

"గంతగనం అడుగుతరేంది! ఎంతుంటె గంత. పోరగాండ్లు ఆకలిమీదున్నరు."

పక్కనే ఉన్న తొమ్మిదో తరగతి శ్రావణి, "సార్, గంజు అంటే..." అంది.

"తెలుసమ్మా. గంజికి ప్రాంతీయ రూపం. పెద్ద గంజు అంటే చిక్కటి గంజి" అని అన్వయం కూడా చెప్పాను.

వెంటనే వాట్సాప్ గ్రూపులో పిలుపునిచ్చాను. దానం సంగతేమోగాని పోటీ అంటే మావాళ్ళు ప్రాణం పెడతారు! ఒకరు జీలకర్ర గంజి, ఇంకొకరు రాగిగంజి, కుక్కర్లతో, బిందెలతో దింపారు. పైఅంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారు చీరలకు పెట్టే గంజి తెచ్చి, "ఎన్ని చీరలు?" అని అడిగారు.

అన్నీ ఆటోలో ఎక్కించి, శ్రావణిని వెంటబెట్టుకుని పీర్జాదిగూడలో విజయగర్వంతో దిగాను. యాదమ్మ మూత తీసింది.

"గిదేంది సార్?"

"గంజు!"

"గిది గంజి! గంజంటె వండుకునే గిన్నె. అన్నం దేంట్ల వండాలె, మీ నెత్తి మీదనా?"

చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ మెల్లగా అంది: "ఆకలైతున్నది గని సార్, మాకు జరమేం రాలె, గంజి తాగనీకి."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా అర్థం కాకపోతే మాస్టారూ పెట్టడు. ఖాళీ కంచాలతో నిలబడ్డ పిల్లల్ని చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

శ్రావణి బిందె మీద తట్టి, "యాదమ్మా, గిది గంజు కాదా?" అంది.

అంతే! ముందు పిల్లలకు ఉప్పూ ఉల్లిపాయా వేసి గంజి పోశారు. (ఇంజనీరుగారిది పక్కన పెట్టాం.) ఖాళీ అయిన బిందెల్లోనే అన్నం, కుక్కర్లలో పప్పు ఉడికాయి. ఆలస్యమైనా అందరూ కడుపునిండా తిన్నారు. నాకప్పటికి ప్రాణం లేచొచ్చింది.

అక్కడే నిలబడి, అర్థం తెలియని మాటకు ఇక అన్వయం చెప్పనని అందరి ఎదుటా ప్రతిజ్ఞ చేశాను.

"మంచిది సార్," అంది యాదమ్మ. "జర గీ పోరగాండ్ల తలెలు కడుగుండ్రి."

దగ్గర్లో ఉన్న పిల్లాణ్ణి పట్టుకుని, "షాంపూ ఎవరు తెచ్చారు?" అని కేకేశాను.

తలె అంటే కంచమట. ప్రతిజ్ఞ మళ్ళీ మొదటినుంచి చేశాను.