బీడీని వదిలేసిన ఈల

పొగ ఎక్కడ పీల్చిందని డాక్టర్ అడిగినప్పుడు, ఇంట్లో కట్టెల పొయ్యి దగ్గరని చెప్పాను. అది అబద్ధం. మా బస్టాండు ఊడ్చే ఆమెకు అప్పుడు ఆక్సిజన్ పెట్టి ఉంది. కాదనలేకపోయింది.

నిజామాబాద్‌కూ బోధన్‌కూ మధ్య ఒక చిన్న బస్టాండులో నేను కంట్రోలర్‌ని. ఆమె ఏళ్ల తరబడి బీడీలు చుట్టి, తంబాకు దుమ్ముకు ఆయాసం, దమ్ము పట్టుకుంటే ఆ పని మాని ఇటు వచ్చింది. పొగ తాగరాదని బోర్డు పెట్టినప్పుడు నాకు ఈల ఇచ్చారు. సిగరెట్ కనబడితే ఊదేవాణ్ని. బీడీ కనబడితే చూపు తిప్పుకునేవాణ్ని. మా అమ్మ బీడీలు చుట్టిన డబ్బుతోనే నన్ను చదివించింది. మా దగ్గర బీడీ అంటే పొగ కాదు, అన్నం.

"సారూ, గా డ్రైవర్లకు జెర చెప్పరాదుండ్రి. నాకు దమ్ము ఆడ్తలేదు," అనేది ఆమె, ఊడ్చేది ఆపి.

"మనోళ్లు చుట్టినవే కదక్కా."

"చుట్టంగ సగం పాయె పానం. ఊడ్వంగ మిగిలింది పోవాల్నా?"

"అక్క లెక్చర్ షురూ జేసింది," అనేవాడు బీడీ తాగుతున్న డ్రైవర్. నేనూ నవ్వేవాణ్ని.

తనిఖీకి వస్తున్నారని తెలిసిన పొద్దున, బీడీ ముక్కలన్నీ గోడ వెనక ఎండుటాకులతో కలిపి కాలబెట్టమన్నాను. "చెత్తబండి వచ్చేదాక ఆగుదం సారూ," అంది. నేను ఆగనివ్వలేదు. ఆ పొగలోనే కూలబడింది. దవాఖానకు తీసుకుపోయింది నేనే. నిజం చెబితే నా నౌకరీకి ముప్పని పొయ్యి మీదికి నెట్టాను.

డాక్టర్ ఆమె కోడలిని మందలించాడు. కోడలు ఆ రోజే పొయ్యి పీకేసింది. అత్త మాత్రం మళ్లీ మా బస్టాండుకే, అదే పొగలోకి వచ్చింది. పని పోతుందని ఎక్కడా నోరు విప్పలేదు. ఏడాది తిరగకముందే చీపురు పట్టలేని స్థితికి వచ్చింది.

ఇప్పుడు బీడీకి కూడా ఈల ఊదుతున్నాను. డ్రైవర్లు గోడ అవతలికి పోయి, నేను తల తిప్పగానే ఇవతలికి వస్తారు. "మీ అమ్మ చుట్టింది మేం తాగొద్దా అన్నా?" అంటారు. మళ్లీ ఈల ఊదుతాను.

మొన్న ఆ అక్క ఇంటికి పోయాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కోడలు చాయ్ తెచ్చింది. పొయ్యి ఉన్నచోట గోడ ఇంకా నల్లగానే ఉంది.

"అక్కా, డాక్టర్‌కు నేను అబద్ధం చెప్పిన. నీకు పొగ పట్టింది గీ పొయ్యితోని కాదు, నేను కాలబెట్టించిన కుప్పతోని." కోడలి వైపు తిరిగాను. "బిడ్డా, నీ మీద ఉత్తగనే నింద ఏసిన. ఇద్దరు నన్ను మాఫ్ చెయ్యుండ్రి."