నాలుగు సంతలకు ఒకే టముకు

మా నాన్న పోయిన కబురు నాలుగు సంతల్లో టముకు వేయించాను. చేరవలసిన ఆ ఒక్క మనిషికి మాత్రం అది చేరలేదు.

మన్యంలో దొరతనం మీద లేచిన ఫితూరీ చల్లారిన తర్వాతి సంవత్సరాలవి. నాన్న మైదానం నుంచి కుట్టుమిషనుతో కొండెక్కిన దర్జీ. అరకు, హుకుంపేట, పాడేరు, మాడుగుల సంతలు తిరిగి రవికలు, చొక్కాలు కుట్టేవాడు. కొండవాళ్ళు ఆయన్ను మిషనుబాబు అనేవారు. ఆ మిషనును కావిట్లో పెట్టుకుని సంత నుంచి సంతకు మోసిన కొండమనిషి ఆయనకు నేస్తమయ్యాడు. అక్కడ నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. ఒకే ఆకులో అన్నం తిని, ఎవరు ముందు పోతే రెండోవారు పదోరోజున వాగులో నీళ్ళు వదలాలని మాట ఇచ్చుకుంటారు. జ్వరంలో నాన్న చివరగా అడిగింది అదే.

"ఆడికి కబురెట్టు. ఆడొచ్చి నీళ్ళొదిల్తే నాకు సాలు."

అది పోడు కోతల కాలం. నేస్తం ఊళ్ళో ఉండడు. ఏ కొండవాలులో ఏ పాకలో పడుకుంటున్నాడో ఇంటివాళ్ళకే సరిగా తెలియదు. నేను పంపిన మనిషి వట్టిచేతులతో తిరిగొచ్చాడు. అయితే ఉప్పు కోసమైనా నేస్తం ఏదో ఒక సంతకు దిగక తప్పదు. కనుక మిగిలింది టముకు.

అంతకుముందు ఏ సంతకు ఆ సంత గుత్తదారుడు వేరు, టముకువాడు వేరు. పొద్దెక్కాక మొదటి దెబ్బ పడగానే జనం తట్టలు దించి నిలబడేవారు. ముందు చావు కబుర్లు, తర్వాత తప్పిపోయిన పశువులు, ఆ తర్వాతే చింతపండు ధర, వలిసె గింజల ధర. తెలుగులో ఒకసారి చెప్పి, కొండవాళ్ళ మాటల్లో మళ్ళీ చెప్పేవాడు. అందుకు ప్రతి కుప్ప నుంచీ పిడికెడు గింజలు అతనికి ముట్టేవి. ఎవరి చావైనా సరే, ఎవరి దగ్గరా ఇంకేమీ తీసుకునేవాడు కాదు.

మైదానం నుంచి వచ్చిన ఒక షావుకారు వేలంలో మొదట అరకు సంత పాడుకున్నాడు. మరుసటేడు బావమరిది పేర హుకుంపేట, ఆ తర్వాత మిగిలిన రెండూ. పాటకు ఎదురు నిలబడినవాళ్ళకు అతని కొట్టులో అప్పు పుట్టలేదు, సరుకు దొరకలేదు. ఠాణావారికీ అదే నచ్చింది. ఫితూరీ చూసిన కళ్ళు వాళ్ళవి. నాలుగు నోళ్ళను కాచుకునే కంటే ఒక్క నోటిని కాచుకోవడం తేలిక. షావుకారు పిడికెడు గింజలు మాన్పించి టముకువాళ్ళకు జీతాలు పెట్టాడు. ఏం చెప్పాలో గుమస్తా చెప్పేవాడు. నాలుగు సంతల్లోనూ అవే మాటలు, తెలుగులోనే.

నేను అరకు సంతకు వెళ్ళి గుమస్తాను అడిగాను.

"సావు కబురు ముందు కొడితే కొనేవోడు సెయ్యి ఎనక్కి తీసేత్తాడు బాబూ. షావుకారు ఒప్పుకోడు" అన్నాడతను, వక్క నములుతూ.

"ఎప్పుడూ ముందు చావు కబురే కదా?"

"ఎప్పుడూ అంటే ఎప్పుడు? అప్పుడు నాలుగు సంతలకి నలుగురు దిక్కుమాలినోళ్ళు. ఇప్పుడు ఒక పద్ధతుంది. మద్దేన్నం కొట్టిత్తాను. నాలుగు సోట్లా కొట్టిత్తాను. మా ముక్క ఒకటి కలుపుతాం, అంతే."

ఆ ముక్క ఏమిటో మధ్యాహ్నం తెలిసింది. టముకువాడు నా కళ్ళలోకి చూడకుండా దెబ్బ వేసి అందుకున్నాడు.

"మిషనుబాబు కాలం సేసినాడహో! దినానికి కొత్త పంచెలు, బెల్లం, నువ్వులనూనె షావుకారి కొట్టులో దించినారహో! బేగి రండహో!"

పక్కన పొగాకు అమ్ముతున్న ముసలమ్మ ఉమ్మేసింది. "ఓలమ్మో, పీనుగుక్కూడా బెల్లం రాసి అమ్ముతన్నార్రా! రేపు నాను సత్తే నా పొగాకు కట్టలు కూడా సాటిత్తావేట్రా?"

టముకువాడు నవ్వలేదు. "నానేటి సేత్తానే అప్పా. నోరు నాదే, మాట నాది కాదు" అని డప్పు సంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళంతా రోత పుట్టింది. అయినా కబురు నేస్తం చెవిన పడితే చాలనుకున్నాను. తక్కిన సంతల్లోనూ అదే కొట్టారు. పదోరోజున వాగు ఒడ్డున పురోహితుణ్ణి ఆపగలిగినంతసేపు ఆపాను. ఎండ దిగిపోయింది. నీళ్ళు నేనొక్కణ్ణే వదిలాను.

తర్వాత కొన్నాళ్ళకు నేస్తం వచ్చాడు. భుజం మీద సామల మూట. గుమ్మంలోంచే కేకేశాడు.

"ఏటి నేస్తం, పొద్దెక్కినా పడకేనా? కొడకా, మీ అయ్యేడి?"

చెప్పాను. మూట దించకుండా అలాగే నిలబడ్డాడు.

"టముకు వినలేదా?" అన్నాను.

"అరకు సంతలో ఇన్నాను. మద్దేన్నం మోగింది."

"మరి?"

"అది కొట్టు డప్పు కదరా కొడకా. బెల్లం కొనండి, పంచెలు కొనండి అంటది. మోగీసరికి మావోళ్ళందరం అటు తిరిగిపోతాం. ఎవులింటారు?" అని, "నేస్తం పేరు కూడా అందులోనే ఎట్టీసినారా?" అన్నాడు.

అవునన్నాను. అతను వాగుకు వెళ్ళి మొలలోతు నీళ్ళలో దిగి దోసిలితో వదిలాడు. పద్ధతి ప్రకారం ఆ నీళ్ళకు వేళ దాటిపోయింది. అది అతనికీ తెలుసు. గట్టెక్కి, తల తుడుచుకోకుండానే కొండదారి పట్టాడు. అన్నానికి ఉండమంటే, "ఏ మొగం ఎట్టుకుని తిననురా?" అన్నాడు. తప్పు తనదనే అనుకున్నాడు. కాదని ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు.

మరుసటి సంతలో షావుకారు నన్ను పిలిచి పరామర్శించాడు. "నాలుగు సంతలకీ కబురందించాం. మీ నాయనకి ఏ లోటూ జరగనీలేదు" అన్నాడు.

"అందలేదండీ."

"మా టముకు ఇనపడని సెవి ఈ కొండల్లో లేదు బాబూ" అని నవ్వాడు.

అతను అన్నది నిజమే. వినపడని చెవి లేదు. ఇంట్లో నాన్న పేర వెలిగించిన దీపానికి నూనె అయిపోయింది. అతని కొట్టులోనే పోయించుకుని ఇంటికి వచ్చాను. నూనె అమ్మే కొట్టు ఇంకొకటి లేదు.