వరండా దీపం కింద చిమ్మట

అగ్గిపెట్టెలో పట్టే తప్పు నాది. పద్నాలుగేళ్లుగా మోస్తున్నాను. మా రైల్వే వర్క్‌షాపులో బొగ్గింజన్‌ని గాలిలోకి లేపే క్రేన్ ఉంది. దానికి తగిలించినా ఇది లేవదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

మా ఊళ్లోనే సుభాష్‌పల్లి పేటలో మా మాస్టారు ఉండేవారు. నాకు లెక్కలు చెప్పి చెప్పి విసిగి, చిమ్మటల్లో పడ్డారని నా అనుమానం. చిమ్మటంటే తెలుసుగా, దీపం చుట్టూ తిరిగే బూడిదరంగు రెక్కల పురుగు. రాజస్థాన్ ఎడారిలో ఒక రాళ్లకొండ మీద ఎవరూ పేరు పెట్టని చిమ్మట జాతి ఒకటి ఉందని ఆయన నమ్మకం. అటు వెళ్లొచ్చిన రైలు గార్డొకాయన చెప్పిన ఆనవాళ్లే ఆధారం. మాస్టారి మోకాళ్లు కొండ ఎక్కలేవు. నాకు రైల్వే పాసుంది. వెళ్లాను.

కొండ చూశాను. దూరం నుంచి. వెయిటింగ్ రూం బెంచీ మీంచి, మూడు రోజులు. ఎండ ఎంతంటే నా నీడ కూడా నా కిందికి దూరి దాక్కుంది. ఎక్కలేదు. మాస్టారు ఇచ్చిన డబ్బా ఖాళీగానే పట్టుకుని ఖరిదా పేటలోని మా ఇంటికి వచ్చేసరికి తొలకరి పడింది, మా వరండా గోడ మీద చిమ్మటొకటి కూర్చుని ఉంది. ఇంటి వెనక కుళ్లుతున్న, పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కల్లోంచి ఏటా వచ్చేదే. డబ్బా మూత తీశాను. చేయి తనంతట తానే ఆ పని చేసిందని రాద్దామనుకున్నాను గాని, అదీ అబద్ధమే.

మాస్టారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

“కొండ మీదేనేటి?”

“కొండ మీదేనండి.”

“ఎంత ఎత్తున దొరికినాది?”

“సగం పైనే మాస్టారూ. ముళ్లపొద మీద కూకున్నాది. పక్కనే పాము, నా తొడంత. దాన్ని తోలీసి పట్టినాను.”

“పాము సంగతి వదిలీయ్‌రా. పొద ఎలాటిది?”

పొదనీ కల్పించాను. ఆకులు లేవన్నాను, పసుపు పూలన్నాను. ఆయన అన్నీ రాసుకున్నారు. నా కోతలకు నవ్వినవాళ్లున్నారు గాని రాసుకున్నవాళ్లు లేరు. అక్కడైనా ఎందుకు నోరు మూసుకోలేకపోయాను? భయమా, ఒక మనిషి నా మాట నమ్ముతున్నాడన్న సంబరమా?

రెండేళ్లు ఆయన రెక్కల ఈనెలు లెక్కపెట్టారు, మీసాలకుండే దువ్వెన పళ్లు లెక్కపెట్టారు, పుస్తకాలతో పోల్చి ఏ జాతిలోనూ ఇమడదని తేల్చారు. ఎడారి కొండ చిమ్మటల్లో కొత్త జాతి అని ఒక పత్రికలో అచ్చయింది. నా పొదతో సహా. పట్టినవాడి గౌరవార్థం దానికి నా పేరే పెట్టారు. అందుకే ఇక్కడ సంతకం చేయలేను.

అప్పటినుంచి తొలకరి వస్తే చాలు, మాస్టారు వచ్చే వేళకు వరండా దీపం ఆర్పేసేవాణ్ణి. ఒక సాయంత్రం ఆలస్యమైంది. టీ తాగుతున్న ఆయన భుజం మీద ఆ రకం చిమ్మటే ఒకటి వాలింది. అప్పటికే ఆయనకు చూపు మందగించింది. “ఏటిరా అది?” అన్నారు. “ఏదో పురుగండి,” అని దులిపేశాను. వేళ్లకు దాని రెక్కల బూడిద అంటింది.

చెబితే ఆయన పని ఏమయ్యేది? జాతి నిజంగా కొత్తదేనేమో, అది దొరికిన ఊరే అబద్ధం. ఆయన ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్నదాన్ని నేను ఎడారికి తరిమాను. ఆ కొండను ఒక్కసారి చూడలేకపోయానని బాధపడుతూనే మాస్టారు మొన్న చలికాలంలో పోయారు.

ఈ సాయంత్రం చినుకులు పడుతున్నాయి. వరండాలో కూర్చుని రాస్తున్నాను, దీపం ఆర్పకుండా. గోడ మీద మూడున్నాయి. ముప్పై అని రాయబోయి ఆగాను. మూడే.