పదకొండో వరుస

ఆఫీసులో ఆయన్ని అందరూ ఛీఛీగారు అనే పిలిచేవాళ్ళు, వెనకాలే అనుకోండి. ఆయన పని పాత గుళ్ళ గోడల మీది శాసనాలకు అచ్చు తీయడం. రాతిని శుభ్రంగా కడిగి, తడి కాయితం అంటించి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో బాది, ఆరీ ఆరకముందే సిరా గుడ్డతో అద్దితే, నల్లటి కాయితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని. నగరంలోనూ చుట్టుపక్కలా ఆయన తొక్కని గుడి గడప లేదు, ఛీ అనని గుడి కూడా లేదు.

అనకుండా ఉండనిస్తేగా. రాతి సింహాలకు వెండిరంగు పూసి అంగడి బొమ్మల్లా చేసినవాళ్ళు కొందరు. నాట్యకత్తె నడుములో మేకు దిగ్గొట్టి ట్యూబులైటు తగిలించినవాళ్ళు కొందరు. ఏడొందల ఏళ్ళ స్తంభం మీద ప్రియురాలి పేరు గీకి, చుట్టూ గుండె బొమ్మ వేసిన మహానుభావుడొకడు. ఇక మూల కనబడితే చాలు ఉమ్మేవాళ్ళకు లెక్కే లేదు. ఆ ఉమ్ము కడిగిందీ ఆయన చేతులే. సబ్బుతో ఎంత తోమినా, అన్నం కలుపుకునే వేళకు వేళ్ళ సందుల్లోంచి ఆ కంపు మళ్ళీ వచ్చేది.

ఆ కసంతా రిజిస్టరులో తీర్చుకునేవాడు. ఒక్కో శాసనానికి ఒక్కో పేజీ, పేజీ చివర ‘నష్టానికి కారకులు’ అని ఒక గడి ఉండేది. మిగతా ఉద్యోగులు అందులో ‘కాలం’ అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఈయన పాపం కాలాన్ని ఏనాడూ ఆడిపోసుకోలేదు. ‘ధర్మకర్త, ఆయన బావమరిది’ అని రాశాడొకసారి. ‘అయిదో తరగతి బి సెక్షను, మాస్టారితో సహా’ అని ఇంకోసారి. పై అధికారి పిలిచి చివాట్లు పెట్టినా, ఆ గడిలో రాత మారలేదు.

ఇంత రోతలోనూ ఆయన ప్రాణమంతా ఒక్క గోడ మీదే ఉండేది. ఊరి చివర చిన్న గుడి, దాని వెనక గోడ. పూలమాలలు కట్టుకు బతికే ఒకావిడ, ఉన్న ఒక్కగానొక్క పాడి ఆవునూ గుడి దీపానికి ఇచ్చేసిందని పది వరుసలు చెబుతాయి. పదో వరుస ‘ఆమె పేరు’ అన్నచోట ఆగిపోతుంది. పదకొండో వరుస మీద వేలెడు మందాన సున్నం. రాజుల పేర్లు వందసార్లు అచ్చు తీసి విసిగిపోయిన మనిషికి ఈవిడ పేరొక్కటీ కావాలి. “ఏమై ఉంటుందో” అని కంచం ముందు కూడా గొణిగేవాడు. “కనబడితే అడిగి చెబుతాలెండి” అని భార్య ఆటపట్టించేది.

చివరికి నిరుడు మరమ్మతుల్లో ఆ సున్నం గీకేశారని కబురొచ్చింది. మరమ్మతులు జరిగేచోటికి అనుమతి లేనిదే వెళ్ళనివ్వరు, అందుకని ఆయన అర్జీ పెట్టాడు. అది బల్ల నుంచి బల్లకు పాకి పాకి, ఎనిమిది నెలలకు, ఉద్యోగం ఇంకో రెండు రోజులుందనగా చేతికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సరంజామా సర్దుకుంటుంటే భార్య మంచి చీర కట్టుకుని తయారైంది.

“నేనూ వస్తానండీ.”

“ఇన్నేళ్ళూ లేనిది ఇవాళేమిటి?”

“రాకూడదా ఏమిటి,” అని ఆటోలో దారంతా తనలో తనే నవ్వుకుంది.

గుడి వాకిట్లోనే ఆయన ముక్కు చిట్లింది. నేల నిండా నున్నటి పలకలు, నీలం పూల అంచు. “ఇది గుడా, స్నానాలగదా? ఛీ,” అంటూ గబగబా వెనక్కి నడిచాడు. వెనక గోడకు కూడా నిలువెత్తు అవే పలకలు. వాటి పైన, రాతిమీద మొదటి రెండు వరుసలు మాత్రం బిక్కుబిక్కుమంటూ మిగిలాయి. పలకల మధ్యలో నల్లరాతి ఫలకం, దానిమీద బంగారు రంగు అక్షరాలు. అచ్చు తీయక్కర్లేకుండానే చదివాడు. తన పేరు, తన హోదా, ‘ఉద్యోగ విరమణ సందర్భంగా, భార్యాపిల్లలు’.

“మీకు ముందే తెలియకూడదని పిల్లల్ని కూడా నోరు మూయించాను,” అంది భార్య. “ముప్ఫై ఏళ్ళుగా ఈ గోడనే కదా కలవరించారు. ఇంక దీనిమీద ఎవరూ ఉమ్మరు. అక్షరాలు పోతాయేమోనని అడిగానండోయ్. లోపల భద్రంగా ఉంటాయన్నారు.”

పూజారి కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. “భద్రమేనమ్మా. సిమెంటు బాగా పట్టాలని మేస్త్రీ రాయంతా ఉలితో గాట్లు కొట్టించాడు. ఏనుగొచ్చి లాగినా పలక ఊడదు సార్.”

అలవాటైన మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరిని అంటాడు? ఆవిడ కళ్ళు మెరిపించుకుంటూ ఎదురుచూస్తోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరి మీదా పోసిన అసహ్యం ఒక్కసారిగా తిరిగొచ్చి తన పేరు మీదే పడింది. ఆ బంగారు అక్షరాలంత రోత వస్తువు ఆయన ఏ గుళ్ళోనూ చూడలేదు.

“బావుందా?” అంది.

“బావుంది.”

మెట్టు మీద కూర్చుని రిజిస్టరు తీశాడు. ‘మూడో వరుస నుంచి చివరిదాకా పూర్తిగా నష్టం’ అని రాశాడు. చివరి గడి దగ్గర కలం కాసేపు ఆగింది. తరవాత అందులో తన పేరూ హోదా, ఫలకం మీద ఉన్నవి ఉన్నట్టే, దిద్దినట్టు రాశాడు.

కళ్ళజోడు తెచ్చుకోని భార్య భుజం మీదుగా వంగి చూసింది.

“ఏం రాశారు?”

“నా పేరు.”

“ఇందులోకి కూడా ఎక్కిందన్నమాట,” అని సంబరపడింది. తరవాత ఏదో గుర్తొచ్చి అడిగింది. “మరి ఆవిడ పేరు దొరికిందా?”