రింగు నెత్తిన పెట్టుకున్న పిల్ల

భుజం పట్టేసి కుడిచెయ్యి పైకి లేవడం లేదని ఈమధ్య విజయవాడలో ఫిజియోథెరపీకి వెళితే, అక్కడి అమ్మాయి ఒక ఎర్ర రబ్బరు రింగు నా చేతికిచ్చి మెల్లగా తిప్పమంది. తిప్పడం మానేసి దాన్ని గాల్లోకి ఎగరేసి ఒంటిచేత్తో పట్టుకున్నాను. భుజం కలుక్కుమంది, ఆ అమ్మాయి కోప్పడింది, నేను మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఎందుకు నవ్వానో నా ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మన రోజుల్లో ఆడపిల్లలు పరికిణీ ఎగదోపుకుని ఆడినా పెద్దలు ఏమీ అనని ఆట టెన్నికాయిట్ ఒక్కటే కదా, మనమంతా రింగాట అనేవాళ్ళం.

అరవైల్లో నేను చిల్లకల్లు బళ్ళో కొత్తగా చేరిన టీచరమ్మని. మా పెద్దమాస్టారు ఊళ్ళో యువజన సంఘం ఒకటి పెట్టించి, ఆడపిల్లల బాధ్యత నా మీద వేశారు. సరిగ్గా అప్పుడే సాగర్ కాలువ తవ్వకం మా వైపు వచ్చింది, దాంతోపాటు పాలమూరు నుంచి ముప్ఫై కుటుంబాల దాకా వచ్చి ఊరి బయట గుడిసెలు వేసుకున్నాయి. ఊరివాళ్ళకు వాళ్ళు కాలవోళ్ళు. ఎవరి దొడ్లో నాలుగు వంకాయలు తగ్గినా అనుమానం వాళ్ళ మీదే, నీళ్ళ దగ్గర అందరి బిందెలూ నిండాకే వాళ్ళ వంతు. వాళ్ళని కలుపుకోకపోతే మనది యువజన సంఘం కాదు, చుట్టాల సంఘం అన్నారు పెద్దమాస్టారు.

ఉత్సాహంగా సభ్యుల పుస్తకం చంకన పెట్టుకుని గుడిసెల దగ్గరికి వెళ్ళాను. ఎంత తెలివితక్కువ పనో వెళ్ళాక గాని తెలియలేదు. పేర్లు రాసుకునేవాళ్ళు టీకాలు పొడవడానికే వస్తారని వాళ్ళ అనుభవం, అందుకని నేను కలం తీసేసరికి పిల్లాజెల్లా అంతా ఎటువాళ్ళు అటు మాయమయ్యారు. ఈ సంగతి విని మునసబుగారు, కావలిస్తే ఆటలాడించుకోండి గాని మన ఊరివాళ్ళు కానివాళ్ళ పేర్లు పుస్తకంలోకి ఎక్కడానికి వీల్లేదని తేల్చి చెప్పారు.

నాకు చిన్నప్పటి నుంచీ కాదన్న పని మీదే మమకారం. మర్నాటి సాయంత్రం పుస్తకం ఇంట్లో పడేసి, బడికున్న ఒకే ఒక్క రింగు పట్టుకుని తిన్నగా కాలువ గట్టెక్కాను. అక్కడ చూశానండీ విడ్డూరం! తట్టలోని మట్టిని గట్టు మీద దిమ్మరించిన ఆడవాళ్ళు నెత్తిమీది గుడ్డ చుట్టకుదురు తీసి కిందివాళ్ళకు విసురుతున్నారు, వాళ్ళు ఒంటిచేత్తో అందుకుని అదే ఊపులో నెత్తిన పెట్టుకుని తట్ట ఎత్తుకుంటున్నారు. వాళ్ళందరిలో మేస్త్రి కూతురు, పద్నాలుగేళ్ళది, ఒక్కటంటే ఒక్కటి జారవిడిస్తే ఒట్టు.

ఆ పిల్లని రోజుకో గంట ఆటకు పంపమని తల్లిని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పోరి ఆటకొస్తే మన్నెవరు మోస్తరు టీచరమ్మా? నువ్వు మోస్తవా?" అంది, చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఇస్త్రీ చీర కుచ్చెళ్ళు దోపుకుని తట్ట నెత్తికెత్తుకున్నాను. నాలుగో విడతకు మెడ ఒరిగిపోయి మట్టితో సహా గట్టు మీద కూలబడ్డాను. తల్లి నన్ను లేపి, చీర దులిపి, "ఇగ చాలు తియ్యి, తోల్కపో" అని కూతుర్ని నా ముందుకు తోసింది. నా ఉద్యోగంలో అందుకున్న ఏ శాలువా నాకు అంత గర్వాన్నివ్వలేదు.

ఆ పిల్లకు జోడీగా మునసబుగారి కూతుర్ని వేశాను. మొదట్లో ముఖం ముడుచుకుంది గాని, మేస్త్రి కూతురు అందుకునే తీరు చూశాక తనే రోజూ గట్టు మీదికి వెళ్ళి పిలుచుకొచ్చేది. ఇద్దరూ కలిసి నందిగామలో జరిగిన తాలూకా పోటీల్లో ఆఖరి ఆట దాకా వచ్చారు. ఆవేళ కాలువ పనికి సెలవు, గుడిసెల్లోని తల్లులంతా మట్టి లారీలో నిలబడి వచ్చారు, కాస్త ఎడంగా కుర్చీలో మునసబుగారు. చెరి ఇరవై పాయింట్లు, ఇంకొక్కటి ఎవరికొస్తే వాళ్ళదే గెలుపు. అవతలివాళ్ళు విసిరిన రింగును మేస్త్రి కూతురు గాల్లోకి ఎగిరి అందుకుంది, అందుకుని, అలసటలో చెయ్యి తన అలవాటు చొప్పున పోయి, దాన్ని శుభ్రంగా నెత్తిన పెట్టుకుంది.

రింగు ఒంటికి తగిలితే తప్పు. ఈల మోగింది, మైదానమంతా గొల్లుమంది. పిల్ల రింగు నెత్తిన అలాగే ఉంచుకుని బిక్కచచ్చిపోయింది. లారీ దగ్గర తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక వీళ్ళు మళ్ళీ మా గడప తొక్కరనుకున్నాను. అంతలో మునసబుగారి కూతురు జనం వైపు తిరిగి, "ఎందుకండీ నవ్వుతారు? మా ఊరి పిల్ల అది! రోజూ మట్టి మోసే చెయ్యండీ అది!" అని గొంతు చించుకుని అరిచింది. నవ్వులు ఆగిపోయాయి. ఆట ఓడిపోయాం, ఓడిపోయామన్న ఊసే లేకుండా లారీలో పాటలు పాడుకుంటూ ఊరు చేరాం.

మర్నాడు మునసబుగారు బడికి వచ్చి, నా ముఖం చూడకుండా, "రాసుకోండమ్మా, మా అమ్మాయి నలుగుర్లో అననే అనేసిందిగా" అన్నారు. ఆ ఆదివారం తల్లులే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి పేర్లు రాయించారు. ఊరు అన్నచోట నేను చిల్లకల్లు అని రాస్తుంటే మేస్త్రి భార్య, తమది పాలమూరు కదా అని గొణిగింది, అయినా కొట్టెయ్యమని మాత్రం అనలేదు. మరో ఏడాదికి పని ముందుకు సాగి వాళ్ళు వెళ్ళిపోయినా, ఆ పేర్లు నేనూ కొట్టెయ్యలేదు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో మా వీధి చివర రేకుల షెడ్లలో ఒరిస్సా నుంచి సిమెంటు పనికి వచ్చినవాళ్ళు ఉంటున్నారు. వచ్చి నాలుగేళ్ళయింది. తట్ట నెత్తికెత్తుకుని ఒక పిల్లను అడిగి తెచ్చుకున్నదాన్ని, ఆ షెడ్లలో ఒక్క బిడ్డ పేరైనా నాకు తెలియదు.