కృపమణి జోర్కి, సుందరం యాషికా

సిరుగుప్పలో చర్చి వెనక సందులో కృపమణి, సుందరం దంపతులుంటారు. వాళ్ళ ముందరి గదిలో, టీవీ పక్కనున్న అద్దాల బీరువాలో రెండు పాత రీలు కెమెరాలున్నాయి. ఒకటి రష్యాలో తయారైన జోర్కి, అది కృపమణిది. రెండోది జపాను యాషికా, అది సుందరానిది. రెండిట్లో ఏది మంచిదన్న వాదం పెళ్ళయిన కొత్తలో మొదలైంది. పిల్లలు పుట్టి, పెరిగి, వాళ్ళకీ పిల్లలు పుట్టినా అది తెగలేదు.

సుందరం దోణిమలై ఇనుప గనిలో ఫిట్టరుగా పని చేసేవాడు. నిజానికి జోర్కి మొదట అతనిదే. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక సర్వేయరు దగ్గర కొన్నాడు. తర్వాత కువైట్ నుంచి వచ్చిన మేనమామ కొడుకు యాషికా తెచ్చిస్తే, పాతదాన్ని గూట్లో పడేశాడు. కాపురానికొచ్చిన కృపమణి ఇల్లు సర్దుతూ దాన్ని బయటికి తీసి, దుమ్ము తుడిచి, "ఇది పని చేస్తాదా?" అని అడిగింది.

"చేస్తాది గానీ దాంతో వేగలేవు. శానా మొండిది" అన్నాడు సుందరం.

ఆ మాటకే ఆమెకు పట్టుదల వచ్చింది.

రెండూ ఒకే జాతి కెమెరాలు. లెన్సులోంచి కాకుండా, పైనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. కిటికీ నడిమధ్య లేత పసుపు మచ్చ ఒకటి ఉంటుంది. ఎదురుగా ఒక్క మనిషే కూర్చున్నా ఆ మచ్చలో ఇద్దరు కనిపిస్తారు. లెన్సు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ జరిగి జరిగి ఒక్కరవుతారు. అప్పుడు నొక్కాలి. కృపమణికి ఆ ఒక్కరయ్యే క్షణమంటే ఎంత ఇష్టమో. రీలు లేకపోయినా వాకిట్లో కూర్చుని, దారిన పోయేవాళ్ళను ఇద్దరిని చేసి మళ్ళీ ఒకరిని చేస్తూ ఉండేది.

అంతవరకే పోలిక. జోర్కితో పని అంతా మనిషిదే. వెలుతురు కంటితో అంచనా వేసుకోవాలి. ముందు రీలు తిప్పాలి, ఆ తర్వాతే తెర తెరుచుకునే వేగం మార్చాలి. వరస తప్పితే లోపలి చక్రాల పళ్ళు దెబ్బతింటాయి. నొక్కితే లోపల గుడ్డ తెర ఠప్పుమని కదులుతుంది. యాషికాకు బ్యాటరీ ఉంది. లెన్సు ఎంత తెరవాలో చెబితే మిగతాది అదే చూసుకుంటుంది. వెలుతురు చాలకపోతే పసుపు దీపం, మరీ ఎక్కువైతే ఎర్ర దీపం వెలుగుతుంది. నొక్కిన చప్పుడు పక్కవాళ్ళకు కూడా వినపడదు.

బొమ్మలు కూడా వేరుగానే వచ్చేవి. యాషికా తీసిన ఫోటోలో చీర నేత కనపడేది, రవిక కుట్టు కనపడేది. జోర్కి ఫోటోలో అంచులు కాస్త మెత్తబడేవి. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళ బుగ్గ మీద వెలుతురు కొంచెం చెదిరి, ముఖం అప్పుడే నిద్ర లేచినట్లు తేటగా ఉండేది.

"మీ యాషికా పోలీసోళ్ళ మాదిరి సూస్తాది మనిషిని" అనేది కృపమణి.

"నీ జోర్కికి సూపే ఆనదు. దానికి అద్దాలు కట్టియ్యాల" అనేవాడు సుందరం.

గని క్వార్టర్సులో స్నానాల గదే వాళ్ళ చీకటి గది. ఎర్ర దుమ్ము కిటికీ సందుల్లోంచి కూడా వచ్చేది కాబట్టి, తలుపుకు తడి దుప్పటి కట్టి, లోపల ఇద్దరూ ఒకరి భుజం ఒకరికి తగిలేంత ఇరుకులో రీళ్ళు కడిగేవాళ్ళు. సండే స్కూలు పిల్లలు, పక్క క్వార్టర్సు పెళ్ళిళ్ళు, సీమంతాలు, అన్నీ అక్కడే తేలేవి. ఇప్పటికీ ఆ రోజుల మాటొస్తే కృపమణి ముందుగా చెప్పేది ఆ గది గురించే. తొట్టిలో తెల్ల కాగితం మీద ముందు కళ్ళు వచ్చేవట, తర్వాత జుట్టు, ఆఖరున నవ్వు.

పక్క క్వార్టరులో శరణమ్మ ఉండేది. భర్త హులిగప్ప గనిలో డంపర్ డ్రైవరు. వాళ్ళకు తొలి బిడ్డ నయన పుట్టినప్పుడు, పేరు పెట్టే రోజున హచ్చొళ్ళి నుంచి శరణమ్మ తల్లి దేవక్క వచ్చింది. ఫోటోలు తీసే పెత్తనం సుందరానిది. ఆ రోజంతా ఇస్త్రీ చొక్కాలో తిరుగుతూ, అందరినీ వరసగా నిలబెట్టి తీశాడు. సాయంత్రం రీలు కడిగితే నెగెటివు ఆ చివర నుంచి ఈ చివరకు ఖాళీ. లెన్సు మూత తీయకుండానే తీశాడు. చూసే కిటికీ వేరు, లెన్సు వేరు కాబట్టి మూత ఉన్నా కంటికి అన్నీ బాగానే కనపడతాయి.

సుందరం ఆ తడి చేతులతోనే పక్కింటికి వెళ్ళి, "శరణమ్మా, తప్పైపోయింది" అని చెప్పాడు. ఆ పూట అన్నం తినలేదు.

ఆ ఇంట్లో మూల నిలబడి కృపమణి కూడా జోర్కితో కొన్ని తీసింది. అందులో ఒకటి బాగా వచ్చింది. దేవక్క కిటికీ పక్కన కూర్చుని, మనవరాలిని ఒళ్ళో వేసుకుని నవ్వుతోంది. మరుసటి వానాకాలం దేవక్క పోయింది. ఆమెకున్న ఫోటో అదొక్కటే.

ఉద్యోగం అయిపోయాక సుందరం వాళ్ళు సిరుగుప్ప చేరారు. శరణమ్మ వాళ్ళు హచ్చొళ్ళిలో వరి సాగు చేసుకుంటున్నారు. కొన్నేళ్ళకు కృపమణి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. పసుపు మచ్చలో ఇద్దరు ఎంత తిప్పినా ఒకరు కాలేదు. జోర్కిని బీరువాలో పెట్టేసింది. అప్పటికే సుందరానికి చేతుల వణుకు మొదలైంది. యాషికా కూడా దాని పక్కకు చేరింది.

పోయినేడు కృపమణికి ఆపరేషనైంది. కట్టు విప్పి ఇంటికొచ్చాక ఆమె మొదట తీసింది జోర్కినే. ఎదురింటి మిద్దె మీద బట్టలారేస్తున్న మనిషి వైపు తిప్పింది. ఇద్దరు ఆడవాళ్ళు మెల్లగా ఒక్కరయ్యారు.

"ఏమండీ, కలిసినారు" అని లోపలికి కేకేసింది. ఎవరు కలిశారో సుందరం అడగలేదు.

ఈ సంగతి తెలిసి, బళ్ళారిలో టీచరుగా ఉన్న నయన బెంగళూరు నుంచి బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు తెప్పించి పంపింది. "మా అవ్వకు తీసినట్లే మా అమ్మకూ తియ్యి పెద్దమ్మా" అని ఫోనులో అడిగింది.

కృపమణి, సుందరం బస్సెక్కి హచ్చొళ్ళి వెళ్ళారు. శరణమ్మ కూడా ఇప్పుడు వాళ్ళమ్మ ఆనాడున్న వయసుకొచ్చింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి కృపమణి జోర్కితో తీసింది. తర్వాత సుందరం యాషికా ఎత్తాడు.

"అన్నా, మూత తీసినావా?" అంది శరణమ్మ.

సుందరం కూడా నవ్వాడు. కానీ చేతులు నిలవలేదు. మోచేతులు బల్లకు ఆనించి చూశాడు, ఊపిరి బిగబట్టి చూశాడు. చివరికి కెమెరాను భార్య వైపు చాపాడు. "నువ్వే తియ్యి."

ఇన్నేళ్ళలో ఆమె దాన్ని తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. ఏ దీపం దేనికో అతను చెబుతుంటే వింటూ తీసింది.

బెంగళూరులో కడిగి, పెద్దవి చేసిన ఫోటోలు వచ్చాక, కెమెరాల్లో కొత్త రీళ్ళు వేసుకుని మళ్ళీ వెళ్ళారు. శరణమ్మ ముందు జోర్కి ఫోటో చూసింది. గోడ మీదున్న దేవక్క పటం వైపు చూసింది. "మా అమ్మే అనుకుంటినక్కా" అంది. కృపమణి మొగుడి వైపు ఓరగా చూసింది.

తర్వాత శరణమ్మ యాషికా ఫోటో అందుకుంది. దాన్ని మాత్రం చాలాసేపు వదల్లేదు. కనుబొమల నడుమ వేలు పెట్టి, "ఈ గీతలు మా అమ్మకీ ఉండె. కోపమొస్తే ఈడ రెండు లేస్తాండె" అంది. "పటంలో అవి రాలే. పటాన్నే సూసి సూసి, అట్లుండె అనేదే మర్చిపోతిని." కళ్ళు తుడుచుకుని, "చా పెడతా, కూకోండి" అంటూ లేచింది.

టీ తాగుతూ కృపమణి గోడ మీది పటం వైపు చూసింది. ఆమె ఇన్నేళ్ళూ గర్వంగా చెప్పుకున్న ఫోటో అది. శరణమ్మ మాటల్లో నిష్ఠూరమేమీ లేదు. అయినా కృపమణికి ఎక్కడో గుచ్చుకుంది.

బస్సు కోసం కాలువ గట్టు దగ్గర నిలబడ్డప్పుడు అడిగింది. "మీరే గెలిస్తిరి గదా, ఏమనరేమి?"

సుందరం కాలువ వైపు చూస్తూ అన్నాడు. "నేనా పొద్దు మూత తీసింటే గీతలు వచ్చేవి. దేవక్క నగేది వచ్చేది కాదు. నన్ను సూస్తానే ముసలామె బిగుసుకునె. నువ్వు మూల నిలబడింటివి. నిన్నెవరూ సూళ్ళే."

"అది జోర్కి గొప్పా, నా గొప్పా?"

"ఎవరి గొప్పో గానీ, నా యాషికాది మాత్రం కాదు."

ఆమె నవ్వింది. సంచిలోంచి యాషికా తీసి, మూత తీసి, అతన్ని గట్టు మీద కూర్చోమంది. పసుపు మచ్చలో ఇద్దరు సుందరాలను కలిపి నొక్కింది. అతను జోర్కి అడిగి తీసుకున్నాడు. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, ఏళ్ళ తర్వాత దాని లెన్సు తిప్పాడు. ముందు రీలు తిప్పాలని ఆమె గుర్తు చేసింది. తెలుసులెమ్మని కసిరి, వేలు కుదిరే దాకా ఆగి, నొక్కాడు.

ఆ రీళ్ళను ఇంకా కడగడానికి పంపలేదు. రెండిట్లోనూ కొన్ని బొమ్మలకు జాగా మిగిలి ఉందట. వచ్చే వారం చర్చిలో బాప్తిస్మాలున్నాయి, అవి కూడా తీశాక పంపుదామనుకుంటున్నారు.